పేరు కనిపించాలి

కాలేజీ మైదానంలో చిన్న విమానాలు ఎగరేసే పిల్లలకు మాస్టారు మొదట నేర్పేది గాలిని చూడటం. రిమోట్ ఆ తర్వాతే చేతికిస్తారు. ఆయన వైమానిక దళంలో పనిచేసి, రిటైరై సొంతూరు వచ్చారు. చెట్లకూ గోడలకూ దూరంగా ఒక వెదురు కర్ర పాతి, కొసన పాత క్యాసెట్ టేపు ముక్క కట్టారు. ఏ కాస్త గాలి వీచినా అది రెపరెపలాడుతుంది.

“చెట్టు పక్కన గాలి సుడి తిరుగుతుంది. అక్కడ కడితే ఈ టేపు మనల్ని మోసం చేస్తుంది,” అనేవారు. “విమానం లేవడం గాలికి ఎదురుగా, దిగడమూ ఎదురుగానే. 1903లో కిటీ హాక్ దగ్గర రైట్ సోదరులు లేచిందీ ఎదురుగాలిలోకే. మీ విమానం దిగే వేగం గంటకు 35 కిలోమీటర్లు అనుకోండి. 15 కిలోమీటర్ల గాలికి ఎదురుగా దిగితే నేల మీద దాని వేగం 20. అదే గాలి వెనక నుంచి తోస్తే 50. ఆ జోరు చూసి కంగారుపడి మోటారు తగ్గిస్తారు, ముక్కు ఎత్తుతారు. అప్పుడు రెక్కలకు గాలి చాలదు. రెక్క వాలి నేలను కొడుతుంది.”

ఊళ్లో రైసు మిల్లు పెద్దాయనకు హ్యూస్టన్‌లో ఉన్న మనవడంటే ప్రాణం. ఆ పిల్లవాడూ అక్కడ విమానాలు ఎగరేస్తాడు. సంక్రాంతికి వస్తున్నాడని తెలిసి, పెద్దాయన మైదానానికి విరాళమిచ్చారు. రన్‌వే చదునుచేశారు. ఇనుప స్తంభం నిలబెట్టి, విమానాశ్రయాల్లో ఉండేలాంటి నారింజ, తెలుపు చారల విండ్‌సాక్ తగిలించారు. దాని మీద ఒక పక్కన దాత పేరు పెద్ద అక్షరాల్లో రాయించారు.

గుడ్డ మందంగా ఉంది. విమానాశ్రయాల్లో అలాంటిది నిండుగా సాగాలంటే 15 నాట్లు, అంటే గంటకు దాదాపు 28 కిలోమీటర్ల గాలి కావాలి. మన గాలికి అది వేలాడిపోయింది. పేరు మడతల్లో పడిందని మైదానం కమిటీవాళ్లు లోపల తీగ చట్రం పెట్టించారు. అప్పుడది నిండుగా సాగి నిలిచింది గానీ, తూర్పుగాలికి తిరిగి పేరును పొలాలవైపు చూపించింది. ప్రారంభ సభకు వేసిన వేదిక ఉన్నది ఇవతల. సభకు ముందురోజు చూడవచ్చిన పెద్దాయన, “పేరు ఇటు కనబడటం లేదే!” అని వెళ్లిపోయారు.

ఆ సాయంత్రమే కమిటీ అధ్యక్షుడు గుడ్డను వేదికవైపు తిప్పించి, కదలకుండా బోల్టు బిగించమన్నాడు. మాస్టారు పరుగున వచ్చారు.

“అయ్యా, ఇది తిరగాలి. ఇలా బిగిస్తే గాలి పడమటి నుంచి వీస్తోందని చెబుతుంది.”

“ఒక్కపూట సభే కదా మాస్టారూ! అయ్యాక విప్పించేద్దాం.”

కొత్త స్తంభం పక్కన బాగుండదని వెదురు కర్ర కూడా పీకేశారు.

గాలిని చూపే గుడ్డకు ఉన్నది ఒకటే ధర్మం, ఎవరి ముఖమూ చూడకుండా ఉన్నది చెప్పడం. అసలు ఏ గుర్తూ లేని చోట పిల్లవాడు చిటికెడు దుమ్ము వదిలి గాలి చూసుకుంటాడు. తలెత్తగానే గుర్తు కనిపించిన చోట ఆ పని చెయ్యడు. అందుకే అబద్ధం చెప్పే గుర్తు కంటే ఏదీ లేకపోవడమే మేలు.

మర్నాడు పొద్దున మొదట ఎగరేసింది మనవడే. తాతయ్యకు చూపించాలని ఏడాదిగా తన చేత్తో కట్టుకున్న విమానం అది. కారు దిగి, ఒకసారి స్తంభంవైపు తలెత్తి చూసి, పడమటివైపు పరుగు తీయించాడు. అప్పటికింకా గాలి పలచగా ఉంది. విమానం లేచింది. చప్పట్లు మోగాయి. పొద్దెక్కేకొద్దీ తూర్పుగాలి ఊపందుకుంది. తూర్పున షామియానా గోడలుండటంతో పిల్లవాడి ఒంటికి ఆ గాలి తగల్లేదు.

దించే వేళకు వేదిక మీద దాతకు సన్మానపత్రం చదువుతున్నారు. పిల్లలు రన్‌వే మీదికి రాకుండా కాయడానికి మాస్టారు ఆ చివర నిలబడ్డారు. “అటు కాదు, తూర్పుకు తిప్పు!” అని చేతులు ఊపుతూ అరిచారు. మైకు హోరులో ఆ అరుపు ఎవరికీ వినబడలేదు. విమానం ముంచుకొచ్చింది. కంగారులో పిల్లవాడు మోటారు తగ్గించాడు, ముక్కు ఎత్తాడు. ఎడమ రెక్క వాలింది. ఏడాది శ్రమ ముక్కలైంది.

పెద్దాయన మెడలో దండతోనే వేదిక దిగి వచ్చారు. ముక్కలు ఏరుకుంటున్న మనవడి పక్కన చతికిలబడి, వీపు నిమిరారు.

“దించేముందు గాలి ఎటుందో చూసుకోవద్దూ కన్నా!”

“చూశాను తాతయ్యా,” అన్నాడు వాడు, స్తంభంవైపు చూపిస్తూ. “దాని మీద నీ పేరుంది కదా. అబద్ధం చెప్పదనుకున్నాను.”