దీని జత ఎక్కడుంది?

మా రోజుల్లో ఒక ఫంక్షన్ చదవాలంటే ముందు దాని పొలిమేరలు చూసుకునేవాళ్ళం. వీఐ ఎడిటర్‌లో తెరుచుకున్న ఫ్లవర్ బ్రాకెట్ మీద కర్సర్ పెట్టి పర్సెంట్ కీ కొడితే, అది మూసుకున్న చోటికి వెళ్ళి నిలబడేది. మళ్ళీ కొడితే మొదటికి వచ్చేది. అలా ఒకటి రెండుసార్లు అటూ ఇటూ తిరిగి, ఇదెంత పొడుగుంది, ఎక్కడ ఆగుతుంది అని చూసుకున్నాకే లోపల ఏముందో చదవడం. ఇప్పటివాళ్ళు నేరుగా నడిమధ్యలోకి దిగిపోతున్నారు. పైన ఏముందో తెలీదు, కింద ఎక్కడ తేలతారో తెలీదు.

ఈమధ్య ఒక కుర్రాడి పక్కన కూర్చుని కోడ్ చూస్తున్నాను. స్క్రీన్ల కొద్దీ సాగే ఫంక్షన్. బయటి ఇఫ్ ఎక్కడ మూసుకుందో చూపించమన్నాను. మౌస్ చక్రం తిప్పుకుంటూ కిందికి వెళ్ళాడు, మధ్యలో తప్పిపోయాడు, మళ్ళీ పైకొచ్చాడు. ఈసారి తెర మీద వేలు ఆనించి ఎడమ అంచు వెంబడే దిగాడు. చివరికి ఒక బ్రాకెట్ దగ్గర ఆగి, “ఇదే అనుకుంటాను సార్” అన్నాడు. అనుకోవడమేంటి బాబూ! బ్రాకెట్ జత అంచనా మీద తేల్చేది కాదు. లెక్క పెట్టి చెప్పేది. ఆ లెక్క పెట్టే పని ఎడిటర్‌ది. నువ్వు చేయాల్సిందల్లా అడగడం.

ఆ పర్సెంట్ కీ ఎందుకు పుట్టిందో వీళ్ళకెవరూ చెప్పరు. 1976 ప్రాంతంలో బర్కిలీలో చదువుకుంటున్న బిల్ జాయ్ వీఐ ఎడిటర్ రాశాడు. ఆయన వాడిన టెర్మినల్ ఏడీఎం-3ఏ, ఇంటి నుంచి పనిచేసే మోడెమ్ వేగం 300 బాడ్. అంటే సెకనుకు 30 అక్షరాలు. తెర మీద 24 వరుసలు, వరుసకు 80 అక్షరాలు. నిండా రాత ఉన్న తెరను మొదటి నుంచి మళ్ళీ గీయాలంటే నిమిషం దాటుతుంది. అలాంటి చోట కిందికి దొర్లించుకుంటూ పోయి బ్రాకెట్ వెతుక్కోవడం కుదరని పని. అందుకే ఎక్కడికి పోవాలో ఒక్క అక్షరంతో చెప్పడం అలవాటైంది. ఇప్పుడు తెర రెప్పపాటులో మారుతుంది కాబట్టి ఆ అవసరం తీరిపోయిందని వీళ్ళ వాదన. తెర వేగం పెరిగిందని నేనూ ఒప్పుకుంటాను. కానీ చదివే కళ్ళ వేగం పెరిగిందా? నాలుగు వందల లైన్లు అప్పుడెంతో ఇప్పుడూ అంతే.

ఆ కీ లోపల చేసే పని కూడా ఎంత సాదాగా ఉంటుందో చూడండి. తెరుచుకున్న బ్రాకెట్ కనపడితే ఒకటి కలుపు, మూసుకున్నది కనపడితే ఒకటి తీసెయ్యి, లెక్క సున్నాకి వస్తే ఆగు. కర్సర్ బ్రాకెట్ మీద లేకపోతే ఆ లైన్లో ముందుకు వెళ్ళి మొదట దొరికినదాన్ని పట్టుకుంటుంది. పాత వీఐకి కొటేషన్ల లోపలేదో, బయటేదో తెలియదు. ప్రింట్‌ఎఫ్‌లో ఊరికే ముద్రించడానికి రాసుకున్న బ్రాకెట్‌ని కూడా లెక్కలో వేసేసేది. అది తెలిసినవాళ్ళు కాబట్టే అప్పటివాళ్ళు స్ట్రింగులో ఒక బ్రాకెట్ తెరిస్తే పక్కనే కామెంట్‌లో దాని జత మూసేవారు. పనిముట్టు ఎక్కడ పొరబడుతుందో తెలిసి దాన్ని వాడుకోవడమంటే అదీ. 1991లో వీఐకి వారసుడిగా విమ్ వచ్చాక ఈ ఇబ్బంది చాలావరకు తగ్గింది. సీ కామెంట్ల మొదలు చివరలకీ, హ్యాష్ ఇఫ్ నుంచి హ్యాష్ ఎండ్‌ఇఫ్‌కీ కూడా అదే కీతో దూకవచ్చు.

దూకడంతో అయిపోలేదు. డి కొట్టి పర్సెంట్ కొడితే బ్రాకెట్లతో సహా ఆ బ్లాకంతా ఎగిరిపోతుంది. వై కొట్టి పర్సెంట్ కొడితే కాపీ అవుతుంది. గ్రేటర్ దేన్ కొట్టి పర్సెంట్ కొడితే మొత్తం ఒక మెట్టు లోపలికి జరుగుతుంది. మౌస్ పట్టుకుని లాగి, ఒక లైను ఎక్కువో తక్కువో సెలెక్ట్ చేసి, అతికించాక ఎర్ర గీతలు చూసి తల పట్టుకోవడం మాకు తెలియదు. షోమ్యాచ్ అనే సెట్టింగ్ పెట్టుకుంటే ఇంకో సుఖం. మూసే బ్రాకెట్ టైపు చేయగానే కర్సర్ ఒక్క క్షణం తెరిచిన బ్రాకెట్ దగ్గరికి వెళ్ళి వచ్చేది. ఈమ్యాక్స్ ఎడిటర్ వాళ్ళయితే, జత తెర మీద లేకపోయినా అది ఉన్న లైను తెర కింద చూపిస్తుందని గొప్పగా చెప్పుకునేవారు. లిస్ప్ రాసేవాళ్ళకి అది లేనిదే రోజు గడవదు, ఆ భాషంతా బ్రాకెట్లే కదా.

ఈ కీ అసలు విలువ తెలిసేది బ్రాకెట్ ఒకటి తప్పిపోయినప్పుడు. టర్బో సీ రోజుల్లో చదివిన ప్రతివాళ్ళకీ నీలం తెర మీద ఆ తిట్టు గుర్తుంటుంది, కాంపౌండ్ స్టేట్‌మెంట్‌కి ఒక మూసే బ్రాకెట్ తక్కువైందని. కంపైలర్ వేలెత్తి చూపేది ఫైలు చివరన. తప్పు జరిగింది మాత్రం పైన ఎక్కడో. ఏ లైన్లో తేలిందో చెబుతుంది గానీ ఏ లైన్లో జరిగిందో దానికి తెలియదు. అప్పుడు చేయాల్సింది ఇది. ఫంక్షన్ చివరి బ్రాకెట్ మీద కర్సర్ పెట్టి పర్సెంట్ కొట్టండి. అన్నీ సరిగ్గా ఉంటే ఫంక్షన్ మొదటికి వెళ్ళాలి. అలా కాక నడుమ ఉన్న ఫర్ దగ్గర వాలిందనుకోండి, ఆ ఫర్‌దో, దాని లోపలి బ్లాకుదో ఒక మూసే బ్రాకెట్ ఎక్కడో రాలిపోయింది, ఫంక్షన్ బ్రాకెట్‌ని ఆ ఫర్ తినేసింది. ఇప్పుడు ఆ ఫర్ లోపలి బ్లాకుల్లో ఒక్కొక్కదాని చివరా ఇలాగే కొట్టి చూడాలి. వైల్ చివరది వైల్‌కే పోతే వైల్ మంచిది. ఇఫ్ చివరది ఇఫ్‌కే పోతే ఇఫ్ మంచిది. అన్నీ మంచివే అని తేలితే పోయింది ఆ ఫర్‌దే. ఏదో ఒకటి తనది కాని చోటికి వెళితే దాని లోపల వెతకాలి. నాలుగైదు కొట్టుళ్ళలో దొంగ దొరికేవాడు. ఇప్పుడు అదే తప్పు వస్తే చివర్లో ఒక బ్రాకెట్ తగిలించేస్తున్నారు. ఎర్ర గీత పోతుంది, కంపైల్ అవుతుంది. ఫర్ లోపల ఉండకూడని నాలుగు లైన్లు ఫర్ లోపలే ఉండిపోతాయి. నాకు కడుపు మండేది ఇక్కడే.

“ఎడిటర్ బ్రాకెట్ జతలకి వేసే రంగులు చూస్తే తెలిసిపోతుంది కదా సార్” అంటారు. రంగులు మంచివే, కాదనను. వీఎస్ కోడ్‌లో 2021 నుంచి ఆ సదుపాయం లోపలే ఉంది, పెద్ద ఫైళ్ళలోనూ మందగించకుండా ఉండాలని ఆ చేసినవాళ్ళు పడ్డ శ్రమ గౌరవించదగ్గది. అయితే మామూలుగా అందులో వచ్చే రంగులు మూడే. పసుపు, ఊదా, నీలం. నాలుగో మెట్టుకి మళ్ళీ పసుపే. ఆరు మెట్లు లోతున్న కోడ్‌లో ఒక్కో రంగు రెండేసి చోట్ల ఉంటుంది. తెరుచుకున్నది ఒక స్క్రీన్‌లో, మూసుకున్నది మూడు స్క్రీన్ల కింద ఉంటే ఈ పసుపు ఆ పసుపేనని ఏ కన్ను హామీ ఇస్తుంది?

కన్ను మోసపోయే తీరు తెలియాలంటే 2014 ఫిబ్రవరిలో ఆపిల్ సరిదిద్దిన ఎస్ఎస్ఎల్ లోపాన్ని చూడండి. ఒక ఇఫ్ కింద బ్రాకెట్లు పెట్టలేదు. గోటూ ఫెయిల్ అనే లైను రెండుసార్లు పడింది. రెండోది కూడా ఇఫ్ లోపలే ఉన్నట్టు చక్కగా జరిపి రాసి ఉంది. చూసినవాళ్ళ కన్ను ఆ జరుపుడుని నమ్మింది, కంపైలర్ బ్రాకెట్లని నమ్మింది. సంతకం సరిచూసే పని జరగకుండానే కనెక్షన్లు దాటిపోయాయి. ఆపిల్ ఫోన్లలోనూ కంప్యూటర్లలోనూ అదే కోడ్.

ఇంకో బాధ. ఒక్క కీతో అయ్యే పనికి ఇప్పుడు ఒక్కో ఎడిటర్ ఒక్కో దారి పెట్టింది. వీఎస్ కోడ్‌లో కంట్రోల్, షిఫ్ట్, బ్యాక్‌స్లాష్ కలిపి నొక్కాలి. విజువల్ స్టూడియోలో కంట్రోల్‌తో మూసే చదరపు బ్రాకెట్. ఎక్లిప్స్‌లో కంట్రోల్ షిఫ్ట్ పి. ఇన్ని ఉంటే ఎవడికి గుర్తుంటాయి? ఎవరూ నేర్చుకోరు, మౌస్ చక్రమే గతి. వీఐలో మాత్రం అప్పుడు ఏ కీనో ఇప్పటికీ అదే. ఏ లైనక్స్ సర్వర్‌లోకి వెళ్ళినా వీఐయో దాని తోబుట్టువో దాదాపు ఉంటుంది. అర్ధరాత్రి సర్వర్ మీద కాన్ఫిగ్ ఫైలు తెరవాల్సి వస్తే అక్కడ వీళ్ళ ఎడిటరూ ఉండదు, మౌసూ ఉండదు. బ్రాకెట్ జత చూసుకోకుండా సేవ్ చేసి సర్వీస్ రీస్టార్ట్ చేస్తే అది లేవదు. అప్పుడు అందరికీ ఫోన్లు.

ఎవరిని తిట్టను? ఈ పిల్లలకి నేర్పినవాళ్ళు లేరు. అమీర్‌పేట కోచింగుల్లో ఫ్రేమ్‌వర్కుల పేర్లు చెబుతారు గానీ కర్సర్ కదపడం ఎవరూ చెప్పరు. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో కొన్నిచోట్ల ఇప్పటికీ ఆ నీలం తెర టర్బో సీ మీదే ల్యాబులు నడుస్తున్నాయి. పాతదైతే అయింది, అందులోనూ ఈ దారి ఉంది. బ్రాకెట్ మీద కర్సర్ పెట్టి కంట్రోల్ క్యూ కొట్టి, ఆ వెంటనే తెరిచే చదరపు బ్రాకెట్ కొడితే ముందున్న జతకి పోతుంది. మూసే చదరపు బ్రాకెట్ కొడితే వెనక్కి. ల్యాబ్ మాన్యువల్ రాసే మేడమ్‌లకీ సార్లకీ నా మనవి ఒక్కటే. హలో వరల్డ్ ప్రోగ్రామ్ కింద ఈ రెండు లైన్లు వేయించండి, మొదటి రోజే పిల్లల చేత కొట్టించండి.