ఎల్కేజీ సీటుకి తండ్రి పరీక్ష

మార్చి వచ్చిందంటే మార్కాపురం, కంభం, గిద్దలూరు వీధుల్లో ఎండకన్నా ముందు ఫ్లెక్సీలు కాస్తాయి. కరెంటు స్తంభానికి ఇద్దరు ర్యాంకర్లు, బస్టాండు గోడకి డజను మంది. ర్యాంకు తెచ్చుకున్న పిల్ల ఫొటోలో బిక్కమొహం వేసుకుని ఉంటుంది. పక్కన కరస్పాండెంటు గారు మాత్రం పరీక్ష తానే రాసినంత ధీమాగా నవ్వుతుంటారు. ఫ్లెక్సీ వెనకే టీచర్లు ఇంటింటికీ దిగుతారు. వాళ్ళ చేతిలో రాత అట్ట, గుండెల్లో అడ్మిషన్ల టార్గెట్టు. మిట్టమధ్యాహ్నం మీ గుమ్మంలో నిలబడి మంచినీళ్ళు అడిగిన ఆ అమ్మాయిని కసురుకోకండి. ఆమె రాత్రుళ్ళు డీఎస్సీకి చదువుతోంది. అంటే, ఏ సర్కారు బడి నుంచి మీ పిల్లాణ్ణి తప్పించడానికి వచ్చిందో, ఆ సర్కారు బడిలోనే తనకో ఉద్యోగం రావాలని దేవుడికి మొక్కుకుంటోంది. ఆ ఉద్యోగం వచ్చిన వాళ్ళేమో తమ పిల్లల్ని పసుపు బస్సు ఎక్కించి, తాము బండెక్కి సర్కారు బడికి వెళ్తారు. ఇంతకన్నా పకడ్బందీ మార్పిడి పథకం ఏ ప్రభుత్వమూ కనిపెట్టలేదు.

సరే, మీ ఇంట్లో మూడున్నరేళ్ళ వాడు ఉన్నాడు. తయారీ మొదలుపెట్టాలి. ముందుగా తెలుసుకోవలసింది, పరీక్ష వాడికి కాదు, మీకు.

తర్లుపాడు వైపు పల్లె నుంచి ఒక జంట వచ్చిందనుకోండి. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, ఆధార్ జిరాక్సులు పాలిథిన్ కవర్లో పెట్టుకున్నాడు. ఆవిడ దారి పొడుగునా పిల్లాడి చేత "మై నేమ్ ఈజ్" వల్లె వేయించింది. ఏసీ గదిలో మేడమ్ గారు బొమ్మ చూపించి "వాటీజ్ దిస్?" అన్నారు. వాడు తేరిపార చూసి "దానిమ్మకాయ" అన్నాడు. "యాపిల్ అనరా సామీ, యాపిల్" అని తల్లి నడుం గిల్లింది. వాడికి నల్లమల సీతాఫలం పండిందో లేదో నొక్కి చూసి చెప్పడం వచ్చు. దూడ ఎప్పుడు తాడు తెంపుకుంటుందో తెలుసు. ఆ సబ్జెక్టులు సిలబస్‌లో లేవు. "పిల్లాడికి ఎక్స్‌పోజర్ లేదండీ" అని మేడమ్ తేల్చారు. ఎక్స్‌పోజర్ లేకపోతే సీటు ఇవ్వరనుకునేరు. ఇస్తారు. బ్రిడ్జి కోర్సు ఫీజు కలిపి ఇస్తారు.

తర్వాత అసలు పేపరు. "ఏం చేస్తుంటారు సార్?" సేద్యం అంటే ఒక చూపు. హైదరాబాద్‌లో పని అంటే ఇంకో చూపు. ఆ పని అపార్టుమెంటు సెంట్రింగ్ అని చెప్పకుండా "కన్‌స్ట్రక్షన్ ఫీల్డు" అంటే కుర్చీ చూపిస్తారు. "ఇంట్లో ఇంగ్లీషులో మాట్లాడతారా?" అనే ప్రశ్నకు మాత్రం నోరు మెదపకుండా నవ్వడమే క్షేమం.

ఈ ప్రశ్నలు వింటుంటే ఒక తల్లి గుర్తొస్తుంది. ప్రకాశం జిల్లాకి 1972లో ఆ పేరు పెట్టింది టంగుటూరి ప్రకాశం గారి గుర్తుగానే కదా. ఆయన చిన్నతనంలోనే తండ్రి పోయాడు. తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి చదివించింది. మూడు రూపాయల పరీక్ష ఫీజు కోసం పట్టుబట్ట తాకట్టు పెట్టింది. ఆ తల్లి ఈ జూన్‌లో పిల్లాడి చెయ్యి పట్టుకుని ఆ ఏసీ గదికి వస్తే ఏమంటారు? "ఫాదర్ లేరా? మీరేం చేస్తుంటారమ్మా? మెస్సా? ఈ బ్యాచ్ నిండిపోయిందండీ, వచ్చే ఏడాది చూద్దాం."

మన వైపుకి నీళ్ళు తెస్తుందన్న వెలిగొండ ప్రాజెక్టుకి 1996లో శంకుస్థాపన జరిగింది. నీళ్ళ కోసం అన్నేళ్ళు ఓపిక పట్టిన మన మార్కాపురం వైపు వాళ్ళం, ఎల్కేజీ సీటు దగ్గర మాత్రం ఒక్క పూట ఆగలేం. "రేపటికి సీట్లుండవు" అంటే చాలు, బర్రెను అమ్మైనా అడ్వాన్సు కడతాం. అడ్మిషన్ ఫీజు, టర్మ్ ఫీజు, బస్సు, టై, బెల్టు, నల్ల బూట్లు, శనివారానికి తెల్ల బూట్లు, బయట ఎక్కడా దొరకని పుస్తకాలు, చివర్లో డిజిటల్ క్లాసు. ఇందులో కొంత రసీదుకి, మిగతాది నమ్మకానికి.

డిజిటల్ అంటే గుర్తొచ్చింది. దేశంలో ఎందరో పిల్లలు అఆలు దిద్దింది మార్కాపురం పలక మీద. చుట్టుపక్కల గనుల్లో తీసిన నల్లరాయి, చుట్టూ చెక్క ఫ్రేము, చేతిలో బలపం. పలకకి గిరాకీ పడిపోయింది గానీ రాయికి పోలేదు. గోడలకి అంటించే అలంకారపు బిళ్ళలుగా అమ్ముడుపోతోంది. కనుక స్కూలు ముందుగోడకి ఆ రాయిని అందంగా అతికించి, లోపల పిల్లాడికి తెర చూపించి, రెంటికీ కలిపి మీ దగ్గరే వసూలు చేసుకోవచ్చు.

చట్టాలు లేవా అంటారా? భేషుగ్గా ఉన్నాయి. 2009 విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. చేర్చుకునేటప్పుడు పిల్లాడికి గానీ తల్లిదండ్రులకు గానీ వడపోత పరీక్ష పెడితే మొదటిసారి 25,000 రూపాయల దాకా, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 దాకా జరిమానా. అయితే ఈ చట్టం లెక్కలో పిల్లలంటే ఆరు నుంచి పద్నాలుగేళ్ళ వాళ్ళు. మనవాళ్ళ తెలివి చూడండి, పరీక్షని మూడున్నరేళ్ళకి జరిపేశారు! అదే చట్టం ప్రైవేటు బడుల ప్రవేశ తరగతిలో 25 శాతం సీట్లు పేద పిల్లలకు, వెనకబడ్డ వర్గాల పిల్లలకు ఉచితంగా ఇమ్మంది. వీధి పొడుగునా ఉన్న ఫ్లెక్సీలలో ఆ ముక్క రాసినది ఒక్కటి వెతికి చూపించండి.

ఫీజులకి పగ్గం వేద్దామని 2021 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం జీవో 53 తెచ్చింది. మున్సిపాలిటీల్లో ప్రైమరీకి ఏడాదికి 11,000, హైస్కూలుకి 15,000 అంది. ఆ డిసెంబరులోనే హైకోర్టు కొట్టేసింది. పగ్గం పోయింది, పథకం మిగిలింది. నిన్న అమ్మ ఒడి, నేడు తల్లికి వందనం. 2025 జూన్‌లో పిల్లాడికి 15,000 అన్నారు, అందులో బడి నిర్వహణకి 2,000 పోను 13,000 తల్లి ఖాతాలో పడింది. ఖాతాలో ఎంత పడేదీ తల్లికన్నా ముందు స్కూలు ఆఫీసుకి తెలుసు, ఫీజు కూడా ఆ మేరకు ఎదుగుతుంది. వందనం తల్లికి, నగదు కరస్పాండెంటుకి. వచ్చేది పోయేదీ ఆమె పేరు మీదే గనక లెక్క సరిపోయిందని అందరూ సంతోషిస్తారు.

అసలు దోషం స్కూళ్ళ వాళ్ళదే అంటే నేనొప్పుకోను. పక్కింటి పిల్లాడు బస్సెక్కుతున్నాడని మనవాణ్ణి ఎక్కిస్తున్నాం. నడిచి వెళ్ళే దూరంలోని సర్కారు బడిలో డీఎస్సీ గెలిచిన టీచరుంటే, ఆ గడప తొక్కి ఒక్కసారైనా చూశామా? ఫీజు తక్కువ చెప్పిన బడిని "అందులో చదువేం ఉంటుందిలే" అని మనమే తీసిపారేశాం. ధర పెంచితేనే సరుకు మంచిదని నమ్మే కొనుగోలుదారుకి ఏ వ్యాపారి తక్కువకి అమ్ముతాడు?

కాబట్టి అయ్యా, అమ్మా, ఈసారి ఆ ఏసీ గదిలో మీరు కూడా ఒక ప్రశ్న వెయ్యండి. "మీ స్కూలు ప్రకటించిన ఫీజుల కాగితం ఏదండీ?" ఆరేళ్ళు నిండిన పిల్లాడి దగ్గర ఆ కాగితంలో లేనిది ఏ పేరుతో తీసుకున్నా, అది క్యాపిటేషన్ ఫీజు. విద్యాహక్కు చట్టం సెక్షన్ 13 ప్రకారం దానికి పది రెట్ల దాకా జరిమానా. పాతికశాతం సీటుకి మీరు అర్హులేమో మీ ఊరి సచివాలయంలో అడగండి. రసీదు ఇవ్వని చోట రూపాయి కట్టకండి.