బరువుంది కదండీ, ఎక్కడికి పోతుంది?

విశాఖ తీరాన కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్ల మీద ఇప్పుడు వడియాలు ఎండబెట్టేవాళ్లు లేరు. అక్కడ స్కై డెక్ ఉంది. స్లాబు మీద వాటర్‌ప్రూఫింగ్ పొర, దాని మీద ప్లాస్టిక్ కాళ్లు, కాళ్ల మీద రెండడుగుల పలకలు. సిమెంటు లేదు, జిగురు లేదు. మేకు కొడితే వాటర్‌ప్రూఫింగ్ పోతుంది కనక అదీ లేదు. మరి గాలికి లేవవా అని ఎవరైనా చాదస్తుడు అడిగాడనుకోండి, డెక్ వేసినాయన ఒక పలక మీద ఎక్కి నిలబడి చూపిస్తాడు. "ఎంత బరువుందో చూడండి సార్. ఇది ఎక్కడికి పోతుందండీ?"

నిజమే, ఆయన నిలబడి ఉన్నంతసేపూ ఎక్కడికీ పోదు. తుఫాను రోజున పలకకొక కాంట్రాక్టరు చొప్పున నిలబడేటట్టు అగ్రిమెంటులో రాయించుకోగలిగితే ఇక గొడవే లేదు.

కాకపోతే లెక్క అంటూ ఒకటుంది. భవనాల మీద గాలి బలం లెక్కగట్టే మన దేశపు కోడు ఐఎస్ 875 మూడో భాగం విశాఖకు పెట్టిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. దాన్ని వర్గం చేసి 0.6తో హెచ్చవేస్తే చదరపు మీటరుకు 1500 న్యూటన్లు, బజారు లెక్కలో 150 కిలోలు. ఇప్పుడందరూ మోజుపడి వేయిస్తున్న 20 మిల్లీమీటర్ల పోర్సలిన్ పలక చదరపు మీటరుకు 50 కిలోలు కూడా తూగదు.

ఆ 150 మొత్తం పలక మీదే పడదు, ఒప్పుకుంటాను. పలకల మధ్య సందుల్లోంచి గాలి అటూ ఇటూ ఆడి పైనుంచి లాగే బలాన్ని కొంత తగ్గిస్తుంది. బరువు వేదాంతులకు ఈ ఒక్క ముక్క ఎలాగో తెలుసు, అక్కడితో పుస్తకం మూసేస్తారు. సందు వెడల్పుగా, కింద ఖాళీ తక్కువగా ఉంటేనే ఆ సాయం దక్కుతుందని తర్వాతి పేజీలో ఉంది. మయామీలోని ఫ్లోరిడా ఇంటర్నేషనల్ యూనివర్సిటీ వాళ్లు 12 భారీ ఫ్యాన్లతో తుఫాను గాలి పుట్టించి, దాని ముందు డాబా పలకలు పరిచి మరీ ఈ సంగతి తేల్చారు. మనమేమో హైహీల్స్ ఇరుక్కుంటాయని సందు దారం పట్టనంత చేస్తాం, పైపులూ వైర్లూ కనబడకూడదని కాళ్లు జానెడు పెంచుతాం.

పైగా గాలి పలకను తోస్తుందనుకుంటారు. నిజానికి గాలి గోడను కొట్టుకుని పైకెగసి, అంచు దాటగానే స్లాబును విడిచి సుడి తిరుగుతుంది. భవనం మూల మీదుగా ఏటవాలుగా వచ్చిందా, రెండంచుల వెంబడీ రెండు సుళ్లు. వాటి కింద ఉన్న పలకలకు పైనుంచి పీల్పు. నడిమధ్య పలక హాయిగా పడుకుని ఉండగానే మూలది లేస్తుంది. అది లేస్తే పక్కదాని అంచు బయటపడుతుంది, తర్వాత దాని వంతు. కాంట్రాక్టరుగారు ఎక్కి చూపించేది మాత్రం ఎప్పుడూ నడిమధ్య పలకే.

ఎత్తైన పిట్టగోడ ఉంటే ఆ సుళ్లు పలకలకు కాస్త ఎడంగా ఉండేవి. దాన్నీ కొట్టేశాం. కుర్చీలో కూర్చుంటే సముద్రం కనబడటం లేదట.

వెనకటికి జాలరిపేటల్లో తాటాకిళ్ల మీద పాత వల పరిచి, తాళ్లు దించి గుంజలకు బిగించేవారు. గాలి కప్పును లేపుతుందని వాళ్లకు ఏ కోడూ చెప్పలేదు. ఆ ఇల్లు మొత్తం కలిపినా ఇవాళ డెక్ మీద వేలాడే ఉయ్యాల కుర్చీ ఖరీదు చెయ్యదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ ఊరి మీదే తీరం దాటింది, ఎయిర్‌పోర్టు పైకప్పే చెదిరిపోయింది. ఆ మాటెత్తితే, "అలాంటిది వందేళ్లకోసారి సార్" అంటారు. ఈ వందేళ్ల ఒప్పందం సంగతి 2018లో పలాస దగ్గర దాటిన తిత్లీకి ఎవరూ చెప్పినట్టు లేదు.

బిగించే దారుల్లేవా అంటే, బోలెడున్నాయి. అంచుల్లో, మూలల్లో మందపాటి కాంక్రీటు పలకలు వేయొచ్చు. పలకను పలకకూ, కాలికీ కలిపి పట్టే స్టీలు క్లిప్పులు దొరుకుతాయి. వాటర్‌ప్రూఫింగ్ మీద కాంక్రీటు పొర పోసి, దానిమీద మాలు పెట్టి అతికించే పాత పద్ధతి ఉండనే ఉంది. అన్నిటికంటే ముందు భవనం ఎత్తు, పిట్టగోడ, మూలలు చూసి లెక్కగట్టి సంతకం పెట్టే ఇంజినీరు కావాలి. ఆ సంతకం అడిగితే చదరపు అడుగు రేటు పెరుగుతుందంటారు. రంగురంగుల లైట్లకు పెరిగినప్పుడు ఎవరూ కిమ్మనలేదు.

ప్రస్తుతానికి ఈ డెక్కులకున్న ఏకైక బందోబస్తు వాట్సాప్ గ్రూపు. ఓడరేవులో ప్రమాద సూచిక ఎగరేయగానే అసోసియేషన్ సెక్రటరీ మెసేజ్ పెడతారు, టెర్రస్ మీది కుండీలూ కుర్చీలూ కిందికి దించాలని. పాపం వాచ్‌మన్ దించుతాడు. పలకల సంగతేమిటని ఎవరో అడిగితే నాలుగు దండం బొమ్మలు, ఒక శుభోదయం వచ్చాయి.