వానను తిట్టకండప్పా!

ఇంగ్లండులో నాలుగు చినుకులు పడ్డాయంటే చాలు, మన టీవీ క్రికెట్ వ్యాఖ్యాతల మొహాలు మాడిపోతాయి. 'అయ్యో, వరుణుడు మళ్లీ అడ్డుపడ్డాడండీ' అంటాడొకాయన. 'ఈ పాడు వాన ఎప్పటికి వదులుతుందో' అంటాడు పక్కనాయన. బెళుగుప్పలో కూర్చుని ఆ మాటలు వినేవాడి కడుపుమంట ఎవరికైనా పట్టిందా? అదీ ఆగస్టులో, శెనక్కాయ ఊడలు దిగే వేళ, బెట్టకు చేను వాడిపోతున్న వేళ! దేశంలో బాగా తక్కువ వాన పడే జిల్లాల్లో మా అనంతపురం ఒకటని బళ్లో బట్టీ పట్టించారు. అందులో ఏ స్థానం వచ్చినా పతకం ఇచ్చేవాడు లేడు.

2021లో ట్రెంట్‌బ్రిడ్జ్ టెస్టు చివరి రోజు మనకు 157 పరుగులు కావాలి, చేతిలో 9 వికెట్లున్నాయి. పొద్దంతా వానే, ఒక్క బంతి పడలేదు. దేశమంతా ఉసూరుమంది. మా చిన్నాయన మాత్రం టీవీకి దగ్గరగా జరిగి, 'ఎంత పదునప్పా! ఆడ ఇత్తనం ఏసేవాడే లేడా?' అన్నాడు.

ఇక పిచ్ మీద కప్పే ఆ పట్టలు. చినుకు పడీపడకముందే పదిమంది పరిగెత్తుకొచ్చి 22 గజాల నేలను భద్రంగా కప్పేస్తారు. పట్టలు మాకూ ఉన్నాయి. పంటకాలమంతా మొహం చాటేసిన వాన, శెనక్కాయ పీకి వామి వేసిన రాత్రే సరిగ్గా వస్తుంది. అప్పుడు మొదలవుతుంది పట్టల వేట. పట్ట ఎన్నడూ కొన్నవాడింట్లో ఉండదు. బామ్మర్ది పట్టుకుపోయి ఉంటాడు. అతనింటికి పోతే, పెళ్లి పందిరికని ఇంకెవరో అడిగితే ఇచ్చామంటారు. ఆ పెళ్లికూతురికి పిల్లలు కూడా పుట్టి ఉంటారు, పట్ట మాత్రం తిరిగి రాదు. తీరా దొరికితే దానికి జల్లెడకున్నన్ని కంతలు. ఒక కంతకు సిమెంటు సంచి ముక్క, ఇంకో కంతకు పోయిన ఎన్నికల ఫ్లెక్సీ. ఆ ఫ్లెక్సీలో నాయకుడు చేతులు జోడించి, రాత్రంతా తడుస్తూ మా శెనక్కాయల్ని కాపాడతాడు. (ఐదేళ్లలో ఆయన వల్ల జరిగిన మేలు అదొక్కటే.) మా వీధిలో ఇద్దరు అన్నదమ్ములు భాగాలు పంచుకున్నప్పుడు పట్టను కూడా నడిమికి కోసుకున్నారు. ఇప్పుడు ఇద్దరి వాములూ సగం సగం తడుస్తాయి.

ఎక్కడున్నాం? ట్రెంట్‌బ్రిడ్జ్ టెస్టు దగ్గర. దాని తర్వాత వచ్చింది పంద్రాగస్టు. 2021లో అది ఆదివారం పడి ఒక సెలవు గోవిందా. పొద్దున బడి దగ్గర జెండా, మధ్యాహ్నం మూడున్నరకు లార్డ్స్ టెస్టు నాలుగో రోజు. పుజారా 35వ బంతికి గానీ తొలి పరుగు తీయలేదు. పిల్లలు జుట్టు పీక్కున్నారు. చిన్నాయనకు తెగ నచ్చాడు: 'ఈయప్పకు రెండెకరాలిస్తే మెట్ట సేద్యం చేస్తాడు'. 151 పరుగుల గెలుపు మాత్రం మర్నాడు, అందరూ పనుల్లో ఉండగా వచ్చింది.

అసలు పంద్రాగస్టుకు వాన చేసిన మేలు ఈ వ్యాఖ్యాతలకు తెలీదు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ హాకీ ఫైనల్ ఆగస్టు 14న జరగాల్సింది. వాన పడి 15న జరిగింది. ధ్యాన్‌చంద్ జట్టు జర్మనీని 8-1తో చిత్తు చేసింది. స్వాతంత్ర్యానికి 11 ఏళ్ల ముందే ఆ తేదీకి ఒక గెలుపు దక్కింది! మా జిల్లాకూ ఒక పంద్రాగస్టు దక్కింది: 2016లో రాష్ట్ర స్థాయి వేడుక మా అనంతపురంలోనే చేశారు. ఎండుతున్న శెనక్కాయకు రెయిన్ గన్లతో నీళ్లు చల్లిందీ ఆ ఏడే. పండగ జరిగిన వారంలోనే రియోలో సింధు వెండి పతకం గెలిచింది. బ్యాడ్మింటన్ కప్పు కింద ఆడే ఆట కాబట్టి వానకు తిట్లు తప్పాయి.

ఆ మధ్య సెలవుకని బెంగుళూరు నుంచి వచ్చిన మా పిల్లలు, కాస్త మబ్బు పట్టగానే డిష్ సిగ్నల్ పోతుందేమోనని దిగులుపడ్డారు. కోపం నోటిదాకా వచ్చి ఆగింది. చేను నమ్ముకోవద్దని చెప్పి వాళ్లను బస్సెక్కించింది మేమే. వానతో వాళ్లకేం పని?

వ్యాఖ్యాతలకు మాత్రం ఒక మనవి. మ్యాచ్ ఆగితే డక్‌వర్త్ లూయిస్ స్టెర్న్ లెక్కలు చెప్పుకోండి, పాత సిక్సర్లు మళ్లీ మళ్లీ వేసుకోండి. వానను మాత్రం తిట్టకండి. మీకు అక్కర్లేకపోతే ఇటు తోలండి.