పెళ్లయ్యాక పెళ్లిచూపులు

దొరల్లోకెల్లా ఫ్రెంచివాళ్లు మర్యాదస్తులట. జనాన్ని అడిగి, ఓటు పెట్టించి మరీ దిగిపోయారట. ఈ మాట సెలవిచ్చే పెద్దలు మన బెజవాడలో ఇప్పటికీ ఉన్నారు. ఎవర్నడిగారో కాస్త చూద్దాం.

బందరులో వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట ఉన్నాయి. దొరలు ఓడలెక్కి పోయినా పేర్లు మాత్రం మనకే వదిలేశారు. పరాసుపేట ఫ్రెంచివాళ్ల వాటా. 1669లో గోల్కొండ సుల్తాను అనుమతితో వచ్చి వ్యాపారం పెట్టారు. 1759లో ఇంగ్లీషు కర్నల్ ఫోర్డ్ బందరు కోట పట్టుకున్నాక వాళ్ల వైభోగం పోయింది కానీ, ఆ కాస్త జాగా మీద హక్కు మాత్రం 1947 దాకా పోలేదు.

1946లో పారిస్‌లో రాసుకున్న రాజ్యాంగం 27వ అధికరణం ప్రకారం, అక్కడి జనం ఒప్పుకోనిదే ఏ భూభాగాన్ని ఎవరికిచ్చినా చెల్లదు. ఆహా! ఏడాది తిరక్కుండానే, 1947 అక్టోబరులో, పరాసుపేటను ఢిల్లీకి అప్పగించేశారు. ఏ అరుగు మీదా ఓటుపెట్టె దిగలేదు. చిన్న జాగాలో ఉన్నవాళ్లు జనం కిందికి రారేమో!

బెంగాల్లో వాళ్ల చేతిలో ఉన్న చందర్‌నగర్‌లో మాత్రం 1949 జూన్ 19న నిజంగానే ఓటు పెట్టారు. ఇండియా అన్నవాళ్లు 7,473 మంది, ఫ్రాన్స్ అన్నవాళ్లు 114 మంది. ఆ దెబ్బతో దొరలకు ఓటంటేనే జ్వరం పట్టుకుంది. పాండిచ్చేరి, యానాంల ఓటు అయిదేళ్లు నానింది.

1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య, ఆయన వెంట ఉద్యమకారులు యానాంలో జెండా మార్చేశారు. అప్పుడు గుర్తొచ్చింది రాజ్యాంగం! అక్టోబరు 18న పాండిచ్చేరి దగ్గర కీళూరులో అభిప్రాయ సేకరణ. పెళ్లయిన నాలుగు నెలలకి పెళ్లిచూపులన్నమాట. పోనీ పిల్లనైనా అడిగారా? ఓటేసింది మునిసిపల్ కౌన్సిళ్ల వాళ్లూ అసెంబ్లీ వాళ్లూ కలిసి 178 మంది. 170 సరే, 8 వద్దు. దాదాపు మూడు లక్షల జనం నోరు ఆ 178 మంది జేబుల్లోనే ఉందట. కాగితం మీద సంపూర్ణంగా అప్పగించడానికి 1962 ఆగస్టు 16 దాకా ఆగారు.

మనసులో మాట చెబితే ఏమయ్యేదో ఆఫ్రికాలోని ఫ్రెంచి వలస గినీ చూపించింది. 1958లో ఫ్రెంచి నేత డీగాల్ రాజ్యాంగానికి ఓటేయమంటే ఆ దేశం వద్దంది. వెళ్తూ వెళ్తూ ఫ్రెంచి అధికారులు ఆఫీసుల్లో టెలిఫోన్లు కూడా పీక్కుపోయారని చెబుతారు.

పరాసుపేట మనలో కలవడం న్యాయమే. యానాం కలవడమూ న్యాయమే. అయ్యా, యానాం జనం వీధికెక్కి తెచ్చుకున్నదాన్ని దయచేసి ఫ్రెంచివాడి మర్యాద ఖాతాలో జమ వేయకండి.