కొత్త ఫోల్డర్ (2)

మనవాళ్లకు ఏ వస్తువూ వచ్చింది వచ్చినట్టు నచ్చదు. ఆటో కొంటే వెనక అద్దం మీద పిల్లల పేర్లు రాయించాలి. ఫ్రిజ్ హ్యాండిల్‌కు తొడుగు, టీవీ రిమోట్‌కు ప్లాస్టిక్ కవరు, గడపకు పసుపు, గుమ్మానికి మామిడాకులు. నిమ్మకాయలు తొక్కించనిదే కొత్త బండిని పెట్రోలు బంకు దాకా కూడా నమ్మం. ఇంతటి వాళ్లం, పొద్దున లేచింది మొదలు తెరిచే ఫోన్ తెరను మాత్రం కంపెనీవాడు ఇచ్చినట్టే ఉంచుకుంటాం. పైన పౌచ్, టెంపర్డ్ గ్లాసు అన్నీ మనవే. లోపల మాత్రం ఎవరో పెట్టిన నీలిరంగు అలలు. రింగ్‌టోనూ అంతే, హన్మకొండ చౌరస్తాలో ఒక ఫోన్ మోగితే పదిమంది జేబులు తడుముకుంటారు. కంప్యూటర్ల సంగతీ ఇదే. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు ఒక పచ్చటి గుట్ట మన కంప్యూటర్లలోకి వచ్చింది. చార్లెస్ ఓరియర్ అనే ఫొటోగ్రాఫర్ 1996లో కాలిఫోర్నియాలోని సోనోమా ప్రాంతంలో తీసిన బొమ్మ అది. కిటికీ తీస్తే పద్మాక్షి గుట్ట కనిపించే ఊళ్లో కూడా, ఏళ్ల తరబడి కంప్యూటర్ తెరిస్తే ఆ కాలిఫోర్నియా గుట్టే!

తెరను మనది చేసుకోవడమంటే కొత్త థీమ్ కొనుక్కోవడం కాదని నా వాదన. కొన్న అలంకారం కూడా ఎవరో ఒకరు ఇచ్చిందే. చేత్తో సర్దాలి, నోటితో పేరు పెట్టాలి. ముందు ఆ పేర్ల సంగతే చూడండి. ‘న్యూ ఫోల్డర్’, దాని పక్కన ‘న్యూ ఫోల్డర్ (2)’, ఆ తరువాత ‘ఫైనల్’, ‘ఫైనల్ ఫైనల్’, ‘ఇదే అసలు ఫైనల్’. రెండో కొడుక్కి ‘కొత్త కొడుకు (2)’ అని పేరు పెట్టిన తండ్రి ఓరుగల్లు చరిత్రలో లేడు. పైసా ఖర్చు లేకుండా ‘అమ్మ మందుల చీటీలు’ అనో, ‘సగం రాసిన కథలు’ అనో తెలుగులో రాసుకుంటే ఆ ఫోల్డర్ మనల్ని పేరు పెట్టి పిలిచినట్టుంటుంది. అక్షరాలకేమీ కరువు లేదు. పోతన పేరుతో తిరుమల కృష్ణదేశికాచారి ‘పోతన 2000’ అనే యూనికోడ్ ఫాంటు చేసి ఉచితంగా ఇచ్చారు. సిలికానాంధ్ర విడుదల చేసిన ఫాంట్లలో సురవరం ఉంది, ధూర్జటి ఉంది, పెద్దన ఉంది. భాగవతాన్ని రాజుకు అంకితమివ్వనన్నాడని మనం చెప్పుకునే బమ్మెర పోతన, డౌన్‌లోడ్ చేసుకుంటామంటే ఎవరింటికైనా వస్తాడు. మనమే పిలవం. పిలవకపోగా ‘ఎలా ఉన్నావు’ను ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి పంపుతాం.

‘రెండేళ్లకు మారిపోయే ఫోన్‌కు ఇంత సింగారం దేనికి?’ అంటారు. ఈ ప్రశ్న వరంగల్‌లో అడగకూడదు. ఇక్కడ పూల పండక్కి ఆడవాళ్లు తాంబాళంలో గుమ్మడాకులు పరిచి, తెల్ల గునుగు పువ్వుకు రంగులద్ది, కాడలు సమంగా తుంచి, తంగేడు ఒక వరస, గునుగు ఒక వరస పేర్చి, కొసన పసుపు గౌరమ్మను నిలుపుతారు. ఆ పొద్దుకే నీళ్లలో వదులుతారు. ‘ఎట్లాగూ చెరువుపాలే గదా, జర అటో ఇటో పేర్చండి’ అని సలహా ఇచ్చే ధైర్యం ఏ మగవాడికైనా ఉందా? ఆ లెక్కన మన ఫోన్‌ది నిండు నూరేళ్ల ఆయుష్షు.

ఇంకొందరు పనిమంతులు, ‘ఫోన్ పనిముట్టు, పనిముట్టుకు అందమెందుకు’ అంటారు. వాళ్లను ఒకసారి పాలంపేట బస్సెక్కించాలి. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడిలో, చూరు కింద ఒట్టి రాతి బద్దె పెట్టినా అడిగేవాడు లేని చోట నల్లరాతి మదనికలు నిలబడ్డారు. ఒకామె కాళ్లకు ఎత్తు మడమల చెప్పులు కూడా ఉన్నాయి. ఆ పనితనం వల్లే గుడి, కట్టించిన సేనాని పేరుతో కాక శిల్పి పేరుతో నిలిచిందని చెప్పుకుంటాం. 2021లో యునెస్కో జాబితాలోకి ‘కాకతీయ రుద్రేశ్వర (రామప్ప) ఆలయం’గా ఎక్కినప్పుడు కూడా, బ్రాకెట్లోనైనా ఆ పేరు ఉంది. అయితే ఒకటి ఒప్పుకోవాలి. వాల్‌పేపర్ మార్చినంత మాత్రాన ఎవడూ కవి కాడు. కానీ ఏదో రాద్దామని ఫోన్ తీసినవాడికి ముందు సగం కథల ఫోల్డర్ కనబడితే రెండు వాక్యాలైనా రాసే వీలుంది; ముందు సేల్ ప్రకటన కనబడితే చెప్పులు కొంటాడు, ఎత్తు మడమలవి కూడా కాదు.

నిజానికి ఏమీ మార్చనివాళ్ల కంటే అతిగా మార్చేవాళ్లతోనే నాకు ఎక్కువ పేచీ. కదిలే చేపలు, మెరిసే గడియారం, నిన్నటి గుడ్ మార్నింగ్ గులాబీలు. తెర తెరిస్తే మేడారం జాతర. వీళ్లలోనూ ఊరి మీద ప్రేమ ఉన్నవాళ్లు కాకతీయ కళాతోరణాన్ని వాల్‌పేపర్‌గా పెట్టుకుంటారు. మంచిదే. కానీ ఓరుగల్లు కోటలో ఆ నాలుగు తోరణాల మధ్య నిలబడితే మనిషిని పట్టి ఆపేది రాయి ఒక్కటే కాదు, రాళ్ల నడుమ కనబడే ఆకాశం కూడా. తలుపుల్లేని ద్వారమది. మనవాళ్లు సరిగ్గా ఆ ఖాళీలోనే కరెంటు బిల్లు యాప్, రీచార్జ్ యాప్, ఎప్పుడూ తెరవని యోగా యాప్ వరసగా పేర్చి ద్వారం మూసేస్తారు. కనీసం ఆ యోగానైనా రెండో పేజీకి జరిపితే అవతల కాస్త ఆకాశం కనబడుతుంది.