కొత్త యూరికి పాత జాతకము

పుదుచ్చేరి యనగా అరవమున ‘కొత్త యూరు’ అని అక్కడి అంగడిలో చేపలమ్ము స్త్రీ నడిగినను చెప్పును. ఇంత సులభముగ తెలియునది పాండిత్యమునకు పనికిరాదు గదా! కావున ఆ పట్టణమున రెండు పూటలు గడిపిన ప్రతి యాత్రికునకును, ఫ్రెంచి గుమాస్తా యొకడు ‘పూదిషెరీ’ యని వ్రాయబోయి ‘యు’ అను నక్షరమును తలక్రిందు చేసి ‘ఎన్’గా దింపినందున ఊరు పాండిచ్చేరి యైపోయినదను కథను వినిపింపక విడువరు. 1674లో వచ్చి, 1693లో డచ్చివారికి కోల్పోయిన కోటను 1699లో మరల చేకొని, 1706లో ఆ మట్టిలోనే కలిసిన ఫ్రెంచి గవర్నరు ఫ్రాన్స్వా మార్టిన్ చెవులును, రేవునకు బట్టలు తెచ్చు నేతగాండ్ర నోళ్లును, దుబాసీల నాలుకలును ఒక్క సిరాచుక్కకు దాసోహమన్నవట! ఫ్రెంచివారి పొడ గిట్టని చెన్నపట్టణపు టింగ్లీషువారు సైతము వారి వ్రాతతప్పును మాత్రము భక్తితో అనుకరించిరట!

గుమాస్తా కథ అల్పమని తలచువారు గ్రీకుల నాశ్రయింతురు. పెరిప్లస్ గ్రంథమునను టాలమీ భూగోళమునను ‘పొదుకే’ యను రేవు కలదు. 1945లో పురాతత్త్వవేత్త వీలర్ పుదుచ్చేరి చెంతనున్న అరికమేడులో త్రవ్వించినపుడు రోమక మద్యభాండముల పెంకులు బయల్పడినవి. ఆ పొదుకే ఈ అరికమేడే యన్నచో నాకు తగవు లేదు. తగవెల్ల, పందొమ్మిది శతాబ్దముల ప్రాచీనతకు ‘కొత్త’ యను మాటనే సాక్షిగా నిలుపు ధైర్యముతోనే.

ఇక ఆ పట్టణము అగస్త్యు డాశ్రమము నెలకొల్పిన వేదపురి యను పక్షమువారు కలరు. బాహూరు తామ్రశాసనములు పేర్కొను 9వ శతాబ్దపు విద్యాస్థానమును, బాహూరు క్రోసుల దూరమున నున్నదను స్వల్పవిఘ్నమును లెక్కింపక, వీరు పట్టణము నడుమకు తరలించిరి. 1748లో ఫ్రెంచి గవర్నరు డూప్లే హయామున కూలిన వేదపురీశ్వరాలయమును దానికి తోడు చేసిరి. ఈ ప్రయాస కంతకును కారణము వేదభక్తి యని నేను నమ్మను. నేటి తమిళమున ‘చేరి’ యన్నచో ఊరి వెలుపలి దళితవాడ. ఆ మాట తమ చిరునామాలో తోకవలె వ్రేలాడుట కొందరికి కంటగింపుగా నున్నది. అగస్త్యాశ్రమమే దొరికినచో ఆ తోక యెవనికి కనబడును?

పార్లమెంటు 2006లో చట్టము చేయగా అక్టోబరు 1నుండి రాజపత్రములందు పుదుచ్చేరి నెలకొన్నది. 1985లో వెలసిన విశ్వవిద్యాలయము మాత్రము పాండిచ్చేరి పేరునే అంటిపెట్టుకొనియున్నది. గోదావరి తీరపు యానామువారు దాఖలా కాగితములకై నేటికిని ‘పాండిచ్చేరి’కే పోవుదురు. కుఱ్ఱకారు దానిని ‘పాండీ’ యని కుదించిరి. అందుండి పాండవుల అజ్ఞాతవాసమును వెలికిలాగు పండితు డింకను నా కంట బడలేదు గాని, ఆ కుర్చీ యెంతోకాలము ఖాళీగా నుండదు.